ఒత్తు జారిన బోర్డులు

శాకాహార హోటళ్లకు తెలుగునాట లోటు లేదు. బోర్డు మీద ‘శాకాహారం’ అని సరిగ్గా రాసుకున్న హోటలు కోసం మాత్రం వెతుక్కోవాలి. శాకమంటే కూర, శాఖ అంటే కొమ్మ. మనవాళ్లు ఊరూరా ‘శాఖాహార భోజనం’ అని బోర్డు కట్టి దర్జాగా పప్పూ పులుసూ వడ్డిస్తున్నారు. కొమ్మలేవయ్యా అని అడిగినవాడు లేడు.

ఇలాంటి తప్పుల్ని చూసి నవ్వుకోవడం పాత సరదాయే. నవ్వు అయ్యాక కాస్త నిలబడి చూస్తే వాటిలో ఒక వరస కనిపిస్తుంది. పెసరట్టు, పులిహోర, గారెలు, ఆవకాయ... వీటిని తప్పు రాసిన బోర్డు చూపించమంటే కష్టం. తప్పులన్నీ సంస్కృతం దగ్గరో ఇంగ్లీషు దగ్గరో పోగుపడతాయి. నోరు పలికేది ఒకటి, చెయ్యి రాయవలసింది ఇంకొకటి అయినచోటే తడబాటు. ఆ తడబాటు కూడా ఎప్పుడూ ఒకే తీరున లేదు. ఉలి పట్టినవాడి తప్పు వేరు, కుంచె పట్టినవాడి తప్పు వేరు, కీబోర్డు ముందు కూర్చున్నవాడి తప్పు వేరు.

మనకు దొరికిన తొలి తెలుగు శాసనాల్లో ఒకటి కడప జిల్లా కలమళ్లలో ఉంది. రేనాటి చోళుల రాజు ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు సుమారు క్రీ.శ. 575లో వేయించినది. ఆ కాలానికి శాసనమే బోర్డు. ఎవరి నేల, ఎవరి దానం, ఎక్కడిదాకా హద్దు అన్న సంగతి పదిమందికీ తెలిసేలా గుడి దగ్గరో ఊరి మొదట్లోనో నిలబెట్టేవారు. చదువుకున్న లేఖకుడు విషయం రాసిస్తే, రాతి పనివాడు ఆ గీతల వెంట ఉలి నడిపేవాడు. చెక్కేవాడికి చదువు రావాలన్న నియమం లేదు. అందుకే మన శాసనాల్లో అక్షరాలు ఎగిరిపోవడం, రెండుసార్లు పడటం, మరిచిన అక్షరాన్ని పంక్తి కింద ఇరికించడం మామూలే. 1888లో మొదలైన ‘ఎపిగ్రాఫియా ఇండికా’ సంపుటాలు తిరగేస్తే ప్రతి పాఠం కిందా ‘ఇలా చదువుకోవాలి’ అంటూ సంపాదకుల సవరణలు బారులు తీరి ఉంటాయి. దానం చెరిపినవాడికి కాశీలో గోవుల్ని చంపిన పాపం అంటగట్టిన మన రాజులు, ఒత్తు మరిచినవాడికి ఏ శాపమూ పెట్టలేదు.

వాటిలో మనకు తప్పుగా తోచేవన్నీ తప్పులు కావు. రేఫ తరవాతి హల్లును రెట్టించడం అప్పటి వాడుక. ధర్మంలో మకారానికి మరో మకారం తగిలించేవారు, సర్వంలో వకారానికి మరో వకారం. మన తాతల దస్తూరీలోనూ ఇలాంటిదే ఒకటుంది, వలపల గిలక. ‘కర్మ’లోని రకారాన్ని ముందు రాయకుండా మకారం పక్కన చిన్న కొక్కెంలా తగిలించేవారు. పాత పుస్తకాల్లో, పాత రాతల్లో అది కనబడితే నేటి పిల్లలు తెలుగు తొమ్మిది అంకె అనుకుంటారు. ఒక తరానికి ఒప్పయినది మరో తరానికి అచ్చుతప్పులా కనిపిస్తుందన్నది గుర్తుంచుకుంటే, పక్కవాడి బోర్డు మీద విరుచుకుపడేముందు కాస్త నిదానం వస్తుంది.

అచ్చు వచ్చాక కథ మారింది. తెలుగు పుస్తకం మొదట అచ్చయింది తెలుగుదేశంలో కాదు, 1746 ప్రాంతంలో జర్మనీలోని హాలె పట్టణంలో. ఆ తరవాత శ్రీరాంపురంలో విలియం కేరీ వ్యాకరణం 1814లో వచ్చింది, బ్రౌన్ దొర నిఘంటువు 1852లో వచ్చింది, మద్రాసులో వావిళ్లవారి ముద్రణాలయం 1854లో పుట్టింది. అచ్చు అక్షరానికి స్థిరత్వం ఇచ్చింది, దాంతోపాటు తప్పు అనే మాటకు బరువూ ఇచ్చింది. పుస్తకం చివర తప్పొప్పుల పట్టిక అనే మర్యాద అప్పటిదే. తప్పు దొర్లితే ఒప్పుకుని, ఫలానా పుటలో ఫలానా పంక్తి అని చూపించి మరీ దిద్దుకునేవారు. దుకాణం బోర్డుకు అలాంటి పట్టిక ఎవరూ కట్టలేదు. ఎక్కిన బోర్డు దిగేదాకా అదే రాత.

1858లో చిన్నయసూరి బాలవ్యాకరణం వచ్చింది. సంస్కృతానికి యాభై వర్ణాలు, ప్రాకృతానికి నలభై, తెలుగుకు ముప్ఫయ్యారు అని ఆయన మొదట్లోనే లెక్క తేల్చేశాడు. మన బోర్డుల మీది తప్పుల్లో పెద్దభాగం ఆ లెక్కలోనే ఉంది. ఖ, ఘ, ఛ, ఝ, థ, ధ, భ లాంటి ఒత్తక్షరాలు అచ్చ తెలుగు సొత్తు కావు. సంస్కృతం మాటల వెంట వచ్చి బడిలో చేరాయి గానీ చాలామంది నోట్లో చేరలేదు. నోట్లో లేనిదాన్ని చెయ్యి గుర్తుపెట్టుకోవాలంటే బడిలో గట్టిగా చదివి ఉండాలి. చదవనివాడు రెండు దారుల్లో ఒకటి పడతాడు. కొందరు ఒత్తు పూర్తిగా వదిలేస్తారు. బోజనం, దూమపానం, పలహారం ఆ బాపతు. ఇంకొందరికి ఎక్కడో ఒత్తు ఉండాలని తెలుసు, ఎక్కడో తెలీదు. భయంతో కనబడినచోటల్లా పెడతారు. వైధ్యశాల, విధ్యాలయం, భాధ్యత ఇలా పుడతాయి. నన్నడిగితే ఈ రెండోవాళ్ల మీదే ఎక్కువ జాలి పడాలి. నిర్లక్ష్యంతో కాదు, గౌరవంతో తప్పు చేశారు. కాకపోతే ఆ గౌరవం ఒక్కోసారి కొంప ముంచుతుంది. ‘మధ్యపానం నిషేధం’ అని రాసిపెట్టిన గోడ దగ్గర తాగుబోతు నిలబడి, మొదట్లోనూ చివర్లోనూ తాగొచ్చా అని అడిగితే జవాబు లేదు.

పాతకాలం అంగళ్లకు అసలు బోర్డులే అక్కర్లేదు. శెట్టిగారి కొట్టు అంటే ఊరందరికీ తెలుసు. రాసినా చదివేవాడు కావాలి కదా. 1951 జనాభా లెక్కల నాటికి కూడా దేశంలో అక్షరాస్యులు నూటికి పద్దెనిమిది మందే. బోర్డు రాయించుకోవడమంటే అప్పట్లో పట్నవాసపు హోదా. మద్రాసు, బెజవాడ, రాజమండ్రి, బందరు లాంటి చోట్ల వ్యాపారులు ఇంగ్లీషు పక్కన తెలుగు రాయించుకునేవారు. రైలు స్టేషన్ల పలకలూ, టీ పొడి కంపెనీల ఎనామెల్ రేకులూ పల్లెలకు తొలి బోర్డులు. ఆ ఎనామెల్ రేకుల్లో కొన్ని ఇప్పటికీ పాత ఇళ్ల అటకల మీద, పాత సామాన్ల కొట్లలో కనిపిస్తాయి. రంగు చెక్కుచెదరదు, తప్పుంటే అదీ చెక్కుచెదరదు.

నిజాం రాజ్యంలో ఇంకో కథ. రాచభాష ఉర్దూ. హైదరాబాదు బజారులో తెలుగు అక్షరం కనబడటమే అరుదు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నవాళ్లకు తెలుగులో ఒక బోర్డు నిలబెట్టడమే సాహసం. 1921లో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను ఎగతాళి చేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం లోంచే ఆంధ్రజన సంఘం పుట్టింది. మాట్లాడితేనే నవ్విన చోట గుణింతం గురించి పట్టింపు ఎవరికుంటుంది? తరవాతి రోజుల్లో పాతబస్తీలో ఉర్దూ చేయి తిరిగిన పెయింటర్లు తెలుగు బోర్డులు రాశారు. వాళ్లు తెలుగును రాయలేదు, గీశారు. కుడి నుంచి ఎడమకు నడిచే అలవాటున్న కుంచె ఎడమ నుంచి మొదలుపెట్టి, బొమ్మ వేసినట్టు ఒక్కో అక్షరాన్నీ నిలబెట్టింది. తలకట్లు అందంగా ఉండేవి. ళ కాస్తా ల అయ్యేది. అన్నట్టు ‘కళ్యాణ మండపం’ అని ఊరూరా కనిపించే బోర్డులో అసలు ఉండవలసింది ‘ల’యే, సంస్కృతంలో అది కల్యాణం. అక్కడ ళ బదులు ల రాసినవాడు తెలియకుండానే నిఘంటువు పక్షాన నిలబడ్డాడు.

సరిహద్దుల్లో ఇలాంటి వింతలు ఇంకా ఎక్కువ. బెంగళూరులో ఆంధ్ర భోజన హోటళ్ల తెలుగు అక్షరాలకు కన్నడ తలకట్టు పడుతుంది. రెండు లిపులూ ఒకప్పుడు ఒకటే కాబట్టి పెయింటరు చేతికి ఆ తేడా పెద్ద తేడాగా అనిపించదు. తమిళం మాత్రమే చదువుకున్నవాడు తెలుగు రాస్తే క, గలు చోటు మార్చుకుంటాయి. తమిళ లిపిలో ఆ రెంటికీ ఒకటే అక్షరం. అక్షరదోషాన్ని బట్టి పెయింటరు ఏ ఊరివాడో ఊహించడం అలవాటైతే ప్రయాణాల్లో మంచి కాలక్షేపం.

తప్పొప్పుల చరిత్ర చెప్పుకుంటూ గిడుగు రామమూర్తిని తలచుకోకపోతే కుదరదు. తప్పులు పట్టడంలో ఆయనంతటి వాడు మనకు మళ్లీ పుట్టలేదు. అయితే ఆయన పట్టింది కొట్టువాళ్ల తప్పుల్ని కాదు, పండితుల తప్పుల్ని. గ్రాంథికమే రాయాలని పట్టుబట్టినవాళ్లే తమ గ్రాంథికాన్ని తాము సరిగ్గా రాయలేకపోతున్నారని పేరుపేరునా, పుటపుటనా చూపించాడు. 1933లో వచ్చిన ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ నిండా అదే. ఎవరికీ నోట్లో లేని భాషను అందరి చేతా రాయిస్తే తప్పులే పండుతాయన్నది ఆయన వాదం. పత్రికలు, కథలు, పాఠ్యపుస్తకాలు ఒకదాని తరవాత ఒకటి ఆయన దారికి వచ్చాయి. రానిది బోర్డు ఒక్కటే.

కావాలంటే ఏ హైవే పక్కనైనా చూడండి. ‘ఇచ్చట పంచర్లు వేయబడును.’ పంచరు ఇంగ్లీషుది, వేయబడును గ్రాంథికానిది. మాట్లాడే తెలుగు ఆ వాక్యంలో ఎక్కడుందో వెతకాలి. ఆ టైరు ముందు కూర్చున్న మేస్త్రి జీవితంలో ఎన్నడూ ‘వేయబడును’ అని నోటితో అని ఉండడు. ‘ఏస్తాం సార్, పావుగంట’ అంటాడు. గ్రాంథిక భాషకు చివరికి మిగిలిన ఇల్లు పంచరు షాపే అయింది. లభించును, కలవు, ఇవ్వబడును, అంటించరాదు. ఇల్లు అద్దెకు ఇచ్చేది ఇంటావిడ, బోర్డు మీద మాత్రం ‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’. ఎవరిస్తారో చెప్పని ఈ ‘బడు’ మీద నాకు ఒత్తు తప్పుల మీదకన్నా ఎక్కువ కోపం. ఒత్తు పోతే మాట పోదు. ‘బడు’ వస్తే మనిషే పోతాడు. చిత్రమేమిటంటే ఏ తెలుగు మేస్టారూ దీన్ని తప్పు కింద లెక్కేయడు. బోర్డు అన్నాక అలాగే ఉండాలని అందరం ఒప్పేసుకున్నాం.

ఇక కుంచె కాలం. యాభైల నుంచి తొంభైల చివరి దాకా ప్రతి పట్నంలోనూ బస్టాండు దగ్గరో సినిమా హాలు సందులోనో ఒక ‘ఆర్ట్స్’ ఉండేది. లోపల రేకు బోర్డులు, టర్పెంటైన్ వాసన, గోడకు ఆనించిన సగం పూర్తయిన దేవుడు. ఆ ఆర్టిస్టు పని తీరు దగ్గరగా చూసినవాళ్లకు అక్షరదోషం ఎలా పుడుతుందో తెలుస్తుంది. ముందు రేకుకు రెండు పూతలు వేస్తాడు. ఆరాక సుద్దపొడి రాసిన నూలుదారాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు బిగించి, మధ్యలో పట్టి వదులుతాడు. తెల్లటి గీత పడుతుంది. అలా రెండు గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాలు గుర్తు పెట్టుకుంటాడు. ఇంగ్లీషుకు ఆ రెండు గీతలు చాలు. తెలుగుకు చాలవు. పైన గుడి, గుడిదీర్ఘం, కింద ఒత్తులు. అక్షరం మూడంతస్తుల మేడ.

లక్ష్మి పేరుతో ఉన్నన్ని కొట్లు మనకు ఇంకే దేవత పేరుతోనూ ఉండవు. ఆ పేరే పెయింటరుకు పరీక్ష. క రాయాలి, దాని కింద ష ఒత్తు దించాలి, ఆ పక్కన మ ఒత్తు ఇరికించాలి, పైన గుడి తిప్పాలి. అసలే కింది అంచున పట్టీ ఉంటుంది, యజమాని పేరు ఉంటుంది. చోటు చాలదు. మ ఒత్తు రాలిపోతుంది. ‘శ్రీ లక్షి కిరాణా’ తయారు. ‘లక్ష్మీ’ అని రాద్దామనుకున్నవాడికి చదువు లేక కాదు, రేకు లేక. ఎడమ వైపు పెద్దపెద్దగా మొదలైన అక్షరాలు కుడి అంచుకు వచ్చేసరికి ఒకదాన్నొకటి తోసుకుంటూ సన్నబడే బోర్డులూ ఆ కోవే. చివర్లో ‘స్టోర్స్’లోని స్‌కు చోటు లేక పైకి ఎక్కించేవారు.

ఆ ఆర్టిస్టుల్లో ఎంతమంది బడి మధ్యలో మానేసినవాళ్లో చెప్పలేం గానీ, వాళ్ల చేతుల్లో తెలుగు అక్షరం చాలా అందంగా ఉండేది. ఔట్‌లైను, షేడు, అక్షరం వెనక నీడ, తలకట్టుకు ఒక విసురు. బాపు రాత వచ్చాక సగం ఊళ్లు ఆ వంపులు పట్టుకున్నాయి. తరవాత ఆ చేతిరాత ఫాంటుగా కూడా వచ్చింది. కొట్టు యజమాని చీటీ మీద ఏం రాసిస్తే అదే బోర్డెక్కేది కాబట్టి, చీటీలో తప్పుంటే తప్పే. దిద్దిన పెయింటర్లూ ఉండేవారు. ఒకాయన, ఆయనది గోదావరి జిల్లా, చీటీ చూసి ‘ఇది రాయనండీ, ఒత్తు సరిచేసి రాస్తాను, డబ్బులు అవే’ అనేవాడని ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

చెవి నుంచి పుట్టిన తప్పుకీ ఇంగ్లీషు మీదుగా తిరిగొచ్చిన తప్పుకీ ఉన్న తేడా ఒక్క అక్షరంలోనే తెలిసిపోతుంది. మనం ఋకారాన్ని రు అనే పలుకుతాం. గృహోపకరణాల కొట్టు మీద ‘గ్రుహోపకరణాలు’ అని ఉంటే రాసినవాడు తన చెవిని నమ్మాడని అర్థం. అదే ‘కృష్ణ’ దగ్గరికి వచ్చేసరికి ‘క్రుష్ణ’ కనబడదు, ‘క్రిష్ణ’ కనబడుతుంది. ఎవరి నోటా లేని ఆ ‘క్రి’ ఎక్కడిది? ఇంగ్లీషు స్పెల్లింగులోది. మన దేవుడి పేరు ఇంగ్లీషులోకి వెళ్లి తిరిగొచ్చింది. చివర దీర్ఘాలూ అంతే. ఆంధ్ర అన్న మాట ఇంగ్లీషు అక్షరాల్లోంచి తిరిగొచ్చి ఆంధ్రా అయింది, యోగం యోగా అయింది. పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో పెట్టిన బ్యాంకు పేరులో కూడా ఆ దీర్ఘమే జనం నోట స్థిరపడింది. 2020లో అది యూనియన్ బ్యాంకులో కలిసి ఆ బోర్డులన్నీ దిగిపోయాయి. దీర్ఘం మాత్రం నిలిచింది.

ప్రభుత్వం ఈ వ్యవహారంలో ఎప్పుడు తలదూర్చిందన్నది వేగంగా చెప్పేయొచ్చు. 1966లో అధికార భాషా చట్టం, 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం, 1988లో దుకాణాలు, సంస్థల చట్టం. ఈ చివరి చట్టం కింద వచ్చిన నిబంధనలు బోర్డు మీద తెలుగు ఉండాలనీ, వేరే భాషలుంటే తెలుగు కిందే రాయాలనీ చెప్పాయి. 2014 తరవాత రెండు రాష్ట్రాలకూ అదే వారసత్వం. తెలుగు ఉండాలని చెప్పిన నిబంధన సరైన తెలుగు ఉండాలని చెప్పలేదు. చెప్పినా తనిఖీ చేసేది ఎవరు? ఎనభైల నడుమ మండలాలు ఏర్పడ్డప్పుడు ఊరూరా కొత్త బోర్డులు లేచాయి. మండలాభివృద్ధి అధికారి కార్యాలయం అన్న పేరులో ‘ద్ధి’ ఉంది. ద కింద ధ ఒత్తు, అందులో కంటికి ఆనని చిన్న నిలువు గీత. ఆ గీత పడితే అభివృద్ధి, పడకపోతే అభివృద్ది. రాష్ట్రంలో అభివృద్ధి కన్నా అభివృద్దే ఎక్కువ జరిగింది. ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్న మంచినీటి ప్లాంట్ల మీద ‘నీటి శుద్ది కేంద్రం’ అని చూసినప్పుడు కూడా అదే. శుద్ధి జరగవలసింది ఒక్క నీళ్లకే కాదు.

గ్రంథాలయం సంగతి చూడండి. అయ్యంకి వెంకటరమణయ్య లాంటివాళ్లు గ్రంథాలయోద్యమాన్ని భుజాన వేసుకుని, 1914లో బెజవాడలో మహాసభ పెట్టి, ఆ మాటను పల్లెపల్లెకూ మోసుకెళ్లారు. మాట వెళ్లింది, మధ్యలో థ ధ అయింది. శాఖా గ్రంధాలయం అని రాసిన బోర్డు కిందే కూర్చుని పిల్లలు నిఘంటువు తిరగేస్తుంటారు. శాఖ మాత్రం అక్కడ ఒప్పే, హోటలు దగ్గర కాదు. జ్యోతిషం కాస్తా జ్యోతిష్యమైంది, శ్రీ వేంకటేశ్వర మెడికల్స్‌లో ఏత్వం పొట్టిదైంది. ఇవి ఇక మారవు. దిద్దితే జనానికి తప్పుగా కనిపించే దశకు చేరాయి. నిజంగానే ‘శాకాహారం’ అని రాయించిన హోటలాయనను, పొరపాటు రాశారండీ అని భోంచేయడానికి వచ్చినవాళ్లే దిద్దబోతారు.

2000 దాటాక ఫ్లెక్సీ వచ్చి ఆర్టిస్టును ఇంటికి పంపింది. చదరపు అడుగు లెక్కన, గంటల్లో, ఫొటోతో సహా. తప్పులు తగ్గాలి కదా, కంప్యూటరు వచ్చింది కాబట్టి? జాతి మారింది, అంతే. డీటీపీ కుర్రాడి ముందున్నవి ‘అను’ ఫాంట్లు. వాటిలో ఒత్తు దానంతట అది కుదురుకోదు, ఏ మీటతో ఏ ఒత్తు వస్తుందో చేతికి రావాలి. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటున్నా, ఫ్లెక్సీ షాపుల్లో వాడే డిజైను సాఫ్ట్‌వేర్‌కు చాలాకాలం సంయుక్తాక్షరం కూర్చడం రాలేదు. ‘ప్రభుత్వ’లో త్వ విడిపోయి, త్ మీద పొల్లు నిలబడి, పక్కన వ ఒంటరిగా మిగిలేది. పనివాడి తప్పు కాదు అది, పనిముట్టుది. వాట్సాప్‌లో యూనికోడ్‌లో వచ్చిన మాటల్ని అనులోకి మార్చే కన్వర్టరు ఇంకో రెండు అక్షరాలు తినేసేది. సిలికానాంధ్ర విడుదల చేసిన మండలి, గురజాడ, రామభద్ర, ఎన్టీఆర్ లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు వచ్చాక ఆ బెడద కొంత తగ్గింది.

తగ్గనిది మనిషి చూపు. ఫ్లెక్సీ షాపులో రాత్రి తొమ్మిదింటికి జరిగేది దాదాపు అన్ని ఊళ్లలోనూ ఒకటే. తెర మీద నాయకుడి పుట్టినరోజు. కుర్రాడు ‘స్పెల్లింగు చూసుకో అన్నా, ప్రింటుకు పెట్టాక మార్చలేను’ అంటాడు. వచ్చినవాళ్లు నలుగురు. ఒకడు తన ఫొటో ఎంత సైజులో వచ్చిందో చూస్తాడు. ఇంకొకడు ఎవరి పేరు ముందుందో చూస్తాడు. మూడోవాడు ఫోన్ నంబరు చదివి సరిచూస్తాడు. నాలుగోవాడు ‘ఇంకా మెరుపు పెట్టు తమ్మీ’ అంటాడు. ‘హార్థిక శుభాకాంక్షాలు’ వైపు ఎవరి కన్నూ పోదు. హార్దికంలో ఉన్నది ద. ఆర్థికంలో ఉన్నది థ. ఫ్లెక్సీకి డబ్బు పెట్టినవాడి మనసులో ఏది మెదులుతోందో అదే పడింది కాబోలు. బడుల్లో బహుమతి ప్రదానోత్సవం ‘ప్రధానోత్సవం’ అవడం కూడా ఇదే రాత్రి, ఇదే షాపులో.

వెనకటి పెయింటరుకు తెలుగు వచ్చు, చదువు తక్కువ. నేటి ఆపరేటరుకు చదువుంది, అందులో తెలుగు తక్కువ. రెండో భాషగా ఏదో ఒక మార్కుకు చదివి బయటపడ్డవాడి చేతిలో వ్యాపారం తెలుగంతా పెట్టాం. అతడు ఇంగ్లీషు అక్షరాల్లో కొడతాడు, ఫోను తెలుగులో చూపించిన మొదటి మాటను నొక్కుతాడు. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి నాలుగైదు తెలుగు అక్షరాలు పోటీ పడతాయి. ట, త, థ, ఠలలో ఏది వస్తే అదే. పాఠశాల పాటశాల కావడానికి ఒక్క వేలు నొక్కుడు చాలు. ఇవి చూస్తే నాకు నవ్వు రాదు. పాత తప్పులో ఒక మనిషి గొంతు వినబడేది.

పెద్ద బ్రాండ్ల బోర్డుల్లో అసలు తప్పుకే ఆస్కారం లేని ఏర్పాటు చేసుకున్నారు. ఇంగ్లీషు పేరు ఆరడుగుల అక్షరాల్లో, దాన్నే తెలుగు లిపిలోకి ఎత్తి ఒక మూల అరచేతి మందాన. చట్టానికి దండం, కొనేవాడికి ఇంగ్లీషు. వ్యాకరణం ఏదీ లేదు, తెలుగు మాట ఏదీ లేదు, కనక దోషమూ లేదు. అంటించిన యాక్రిలిక్ అక్షరాల్లో ఏదో ఒకటి వానకు ఊడి పడితే తప్ప. ఊడేది ఎప్పుడూ ఒత్తో సున్నాయో అవుతుంది, అవే చిన్న ముక్కలు. బండి నంబర్ల మీద అంటించే రేడియం అక్షరాలకూ అదే జబ్బు.

లిపి మాత్రమే తెలుగైన ఈ మాటల దగ్గర ఇంకో చిక్కుంది. వెనకటి బోర్డులు హోటలు, బ్యాంకు, స్టోర్సు అని అచ్చుతో ముగించేవి. తెలుగు మాట అచ్చుతోనే ముగియాలి కాబట్టి ఇంగ్లీషు మాటనూ ఇంటి మనిషిని చేసుకున్నారు. ఇప్పుడవి హోటల్, బ్యాంక్, స్టోర్స్ అయ్యాయి, పొల్లుతో బిగిశాయి. ఏది ఒప్పని అడిగితే తలో మాట. ‘బ్యాంకు’లోని ఆ అచ్చుకు మన వర్ణమాలలో అక్షరమే లేదు. యా కలిపి సర్దుకున్నాం. మిషన్ అంటే కుట్టే యంత్రమో, మిషన్ భగీరథలోలాగా ప్రభుత్వ పథకమో సందర్భాన్ని బట్టి తెలుసుకోవాలి. విజయవాడలోనో వరంగల్లులోనో బంగారం కొట్ల వీధిలో ఒక చివర నుంచి నడవండి. జ్యువెలర్స్, జువెలర్స్, జ్యూయలర్స్, జూయెల్లరీ, జ్యువెలరీ మార్ట్. పక్కపక్కనే, ఒకే వీధి, ఒక్కో కొట్టుది ఒక్కో గుణింతం. నగల దుకాణం అంటే ఎవరూ తప్పు రాయలేరు, ఆ పేరు పెట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోరు. ఆ వీధిలో ఎంతటి పండితుణ్ణి నిలబెట్టినా వాటిలో ఏది ఒప్పో తేల్చలేడు. సూర్యరాయాంధ్ర నిఘంటువులో ఆ మాటే లేదు.